కడిగితే పోయిన అక్షరాలు

"వాటర్ సర్వీసింగ్ పెడితే లాభముంటదా అక్కా?" అని నెలకు ఒకరైనా బండ్లు కడిగే మా ర్యాంపు దగ్గరికి వచ్చి అడుగుతారు. రోడ్డు పక్కన జాగా ఉందనో, బావమరిది ఖాళీగా తిరుగుతున్నాడనో వాళ్లకు ఆ ఆలోచన పుడుతుంది. నేను వాళ్లను కూర్చోబెట్టి, ఛాయ్ తెప్పించి, రెండు వేల పదకొండు దసరా ముచ్చట మొదలుపెడతాను. సగం మంది ఛాయ్ తాగి లేచిపోతారు. వాళ్లకు కావాల్సింది ఒక్క అంకె. నా దగ్గర ఉన్నది ముచ్చట. మీకు తొందర లేకపోతే వినండి.

ఆ యేడు రంజాన్ పండుగ అయిన వారానికి, జనగామలో వరంగల్ రోడ్డు మీద, ఊరు దాటీ దాటని చోట మా ర్యాంపు తెరిచాం. మేమంటే నేను, మా ఆయన ఆరిఫ్, మా అత్తమ్మ హాజిరా బీ, నాలుగేళ్ల మా జరీనా. అంతకుముందు ఆరేళ్లు ఆరిఫ్ భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపాడు. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్లేవాడు. ఆ రెండు రోజులూ అతని నల్ల సంచి సర్దిన బట్టలతో సహా తలుపు పక్కన మేకుకు వేలాడేది. విప్పే పనే పెట్టుకోడు. ఒకసారి గడపలో కాలు పెట్టీ పెట్టగానే జరీనా అడిగిన మొదటి మాట, "అబ్బా, మళ్ల ఎప్పుడు పోతవ్?" అని. పిల్ల ముద్దుగానే అడిగింది. ఆరిఫ్ నవ్వాడు కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ మనిషిని ఇంటి పట్టున ఉంచే పని ఏదో ఒకటి వెతికి తీరాలని ఆ పూటే అనుకున్నాను.

పని మా జాగాలోనే ఉంది, ఎవరికీ కనపడలేదు. మా మామ షరీఫ్, అల్లా ఆయనకు జన్నత్ ఇవ్వాలి, పోయే ముందు ఆ రోడ్డు పక్కన తాగే నీళ్ల కోసం బోరు వేయించాడు. నీళ్లు ఎగజిమ్మాయి. నోట్లో పోసుకుంటే ఉప్పు. నల్లా నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్లో అన్ని నీళ్లు పడి, ఒక్క గుక్క మింగడానికి పనికిరాలేదు. దానికి "షరీఫ్ సముద్రం" అని పేరు పెట్టి ఊరంతా నవ్వింది. ఒకరోజు ఆ నీళ్లతో వాకిలి కడుగుతుంటే నాకు తట్టింది. బండ్లకు నాలుక లేదు కదా!

మా అత్తమ్మకు చెప్తే అంతెత్తున లేచింది. మా ఇంట్లో మాట దక్ఖనీలో మొదలై తెలుగులోకి దిగుతుంది, కోపం వస్తే రెండూ కలుస్తాయి.

"నీళ్లు కొనుక్కొని తాగే ఊర్లె నీళ్లు పారబోసే దుకాణమా? నీకు దిమాక్ ఖరాబైందా బుష్రా?"

"తాగే నీళ్లు గావు గద అమ్మీ."

"ఎవలొస్తరే? ఎవని బండి వాడు చెర్ల తోల్కపోయి కడుక్కుంటడు."

"చెర్ల గన్ను ఉంటదా?" అన్నాను. నీళ్లు జోరుగా చిమ్మే ఆ గన్నును అప్పటికి నేనూ చూడలేదు, వరంగల్‌లో చూసొచ్చిన వాళ్లు చెప్తే విన్నాను.

నా బంగారు గాజులు రెండు అమ్మితే గన్ను, మోటరు అయ్యాయి. ఆరిఫ్ సిమెంటు కలిపి ర్యాంపు కట్టాడు. బోర్డు నేనే రాశాను. మాది మానుకోట. మహబూబాబాద్ అని కాగితాల్లో రాసే ఊరు. అక్కడ మా అబ్బా నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెలన్నీ నాకు ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. తెల్ల రేకు మీద నల్ల రంగుతో "షరీఫ్ వాటర్ సర్వీసింగ్" అని రాసి పైకెక్కించాం. రంగు సగం డబ్బా మిగిలింది. మూత బిగించి షెడ్డులో పెట్టాను.

తెరిచిన రోజే ఆరిఫ్ మాట తేల్చి చెప్పాడు. "దసరా దాంక చూస్త. నడిచిందా, ఉంట. నడవలేదా, లారీ ఎక్కుత. అప్పటి దాంక నా జాగల ఎవల్నీ పెట్టనని లారీ సేటు అన్నడు."

దసరా గడువు ఎందుకంటే, ఆ పండుగకు బండి ఉన్న ప్రతి ఇల్లూ బండి కడిగి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి పూజ చేస్తుంది. అప్పుడు కూడా రాని బండి ఇంకెప్పుడు వస్తుంది? మాట న్యాయంగానే ఉంది. సంచి మాత్రం మేకు మీదే ఉంది, బట్టలతో సహా.

మొదటి బండి ఒక ఆటో. మెరిసేలా కడిగాం. ఆటో ఆయన ఛాయ్ తాగి వచ్చేసరికి ఎండకు ఆరి ఒంటినిండా తెల్ల మచ్చలు తేలాయి. ఉప్పునీళ్ల మహిమ! ఆరిఫ్ ముఖం చూడలేకపోయాను. మళ్లీ కడిగి, ఆరకముందే నా పాత చున్నీతో తుడిచాను. అద్దంలా వచ్చింది. ఆ పూటే పని గుట్టు తెలిసింది. మా నీళ్లతో ఒక మనిషి గన్ను పట్టాలి, వెనకే ఇంకో మనిషి గుడ్డ పట్టాలి. ఎండకూ గుడ్డకూ పందెం అన్నమాట. ఆరిఫ్ లేకపోతే నేనొక్కదాన్ని ఆ ర్యాంపు నడపలేను. అతనికీ ఆ సంగతి తెలుసు.

వారం గడిచింది, రోజుకు రెండు మూడు బండ్లు వస్తున్నాయి, ఇంకేం అనుకుంటుండగా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది.

బస్సులు డిపోల్లో పడుకున్నాయి. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. సింగరేణిలో బొగ్గు ఆగింది. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందని నాకెవరూ ముందు చెప్పలేదు! భూపాలపల్లిలో ఆరిఫ్ దోస్తులు అక్కడ పని ఆపితే ఇక్కడ జనగామలో ఆరిఫ్ మోటరు ఆగిపోయింది. దోస్తు ఫోన్ చేసి "ఒక్క బొగ్గు పెళ్ల కదలనిస్తలేం అన్నా!" అంటే, ఈయన "సెబాష్! కదలనియ్యకుండ్రి!" అని అరిచి, ఫోన్ పెట్టేసి, చప్పుడు లేని మోటరు వైపు చూసేవాడు. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మా పక్కనే మిర్చి బండి పెట్టుకునే ఓదెమ్మ అవ్వ, "నా పొయ్యికి కరెంటు అక్కర లేదు బిడ్డా, నువ్వు గూడ మిర్చీలెయ్యి" అని ఆటపట్టించేది.

అందరితో పాటు మేమూ పొద్దున ధర్నా టెంటులో కూర్చునేవాళ్లం. బండ్లు కడిగితే ఏమొస్తుందని నన్ను తిట్టిన మా అత్తమ్మ అక్కడ అందరికంటే గట్టిగా జై తెలంగాణ అనేది. ఆమె గొంతు కోసం మైకు ఆమె దగ్గరికే తెచ్చేవారు. ఆ రోజుల్లో గాలే వేరు. పని లేదు, బస్సు లేదు, కరెంటు లేదు, అయినా జనం ముఖాల్లో పెళ్లి కళ. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. రాష్ట్రం రేపో ఎల్లుండో వస్తుందన్నట్టు ఉండేది. ర్యాలీలు పోతుంటే నేను బండ్ల వంకే చూసేదాన్ని. ఎంత దుమ్ము! ఎంత బురద! కడిగేవాళ్లు ఇక్కడే ఉన్నారే అని నోటి దాకా వచ్చేది.

ఇంకో సంగతి చెప్పకపోతే ముందు కథ అర్థం కాదు. అప్పట్లో నంబరు ప్లేటు మీద ఏపీ అని ఉంటే బండి తోలేవాళ్లకు నామోషీ. దాని మీద టీజీ అని స్టిక్కరు అంటించుకునేవారు. ఢిల్లీ ఇంకా ఇవ్వని రాష్ట్రాన్ని ఎవరి బండికి వాళ్లే ఇచ్చుకున్నారు. పోలీసులు పట్టుకుంటే పీకేయడం, వాళ్లు అటు పోగానే మళ్లీ అతికించడం మామూలైపోయింది.

ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు పొద్దున ఏడింటికి ఒక బొలెరో వచ్చి మా ర్యాంపు ముందు ఆగింది. తరిగొప్పుల చంద్రమౌళి పటేల్‌ది. ఉద్యమం నడిపే మండల జేఏసీ ఆయన చేతిలోనే ఉండేది. నెరిసిన మీసం, మెడలో గులాబీ కండువా, మాట తక్కువ మనిషి. డ్రైవరు తాళం చేతిలో పెట్టి, "తొమ్మిదింటికి స్టేషన్ ఘన్‌పూర్ దాంక ర్యాలీ. పటేల్ బండే ముందటుంటది. మీ కాన్నించే ఎల్లుతం. మొకం గనవడేటట్టు కడుగుండ్రి" అని పోయాడు.

అంత పెద్ద బండి, అంత పెద్ద మనిషిది, మా ర్యాంపు మీద! సరిగ్గా అప్పుడే కరెంటు కూడా వచ్చింది. నేను నేల మీద లేను. ఆరిఫ్ ముందు భాగమంతా కడిగాడు. ఎండ ముదురుతోంది, ముందరి అద్దం మీద అప్పుడే మచ్చలు తేలుతున్నాయి. "నువ్వు గన్ను పట్టు, నేను తుడుస్త" అని గుడ్డ లాక్కుని అతను ముందుకు పరిగెత్తాడు. నేను గన్ను తీసుకుని వెనక్కి వెళ్లాను. వెనక ప్లేటు నల్లరేగడి బురదతో పేరుకుపోయి ఉంది. ఊపు మీద ఉన్నాను కదా, జానెడు దూరంలో గన్ను పెట్టి నొక్కాను. బురద పోయింది. ఒక మూల తెల్లగా లేచింది. ఇంకా బురదేమో అనుకుని ఇంకాస్త నొక్కాను. ఒక ముక్క ఎగిరి, గోడ మీంచి గాల్లో తిరిగి, ఎటో పడింది.

ప్లేటు తళతళా మెరుస్తోంది. ఏపీ 36.

"యా అల్లా!" అన్నాను.

"ఏమైంది?" ముందు నుంచి ఆరిఫ్ అరిచాడు.

"తెలంగాణ పోయింది!"

గోడ అవతల ఓదెమ్మ అవ్వ అరుస్తోంది. "నా మూకుట్ల ఏం పడ్డదే? ఎవలేసిన్రే?" పరిగెత్తి చూస్తే టీజీ స్టిక్కరు మిర్చీల మధ్య ముడుచుకుని వేగుతోంది. జల్లిగరిటెతో తీసింది. ఒక్క అక్షరం మిగల్లేదు.

ఆరిఫ్ వచ్చి ప్లేటు చూసి తల పట్టుకున్నాడు. ముందు ప్లేటు మీద టీజీ, వెనక ప్లేటు మీద ఏపీ. ర్యాలీలో వెనక వచ్చే వాళ్లంతా దారి పొడుగునా ఆ ఏపీనే చూస్తూ రావాలి! కొత్త స్టిక్కరు తేవడానికి దుకాణాలన్నీ బంద్. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగానే డప్పులు వినిపించాయి. నలభై మోటరు సైకిళ్లు, జెండాలు, ముందు చంద్రమౌళి నడుస్తూ వస్తున్నాడు.

దగ్గరికి వచ్చిన ఒక పడుచుపిల్లగాడు కేక పెట్టాడు. "పటేలా! బండి ఎన్క చూడు!"

డప్పులు ఆగిపోయాయి.

"ఎవలు తీపిచ్చిన్రు గిది?"

"ఎవని దగ్గర పైసలు తిని చేసిన్రు?"

"బోర్డు పీకుండ్రి!"

ఆరిఫ్ నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "కడిగింది నేను. ఏమన్నా అంటే నన్ను అనుండ్రి."

ఆ మాట అబద్ధమని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు ఓదెమ్మ అవ్వ జల్లిగరిటె చేత్తోనే పట్టుకుని మధ్యలోకి దూరింది.

"ఏందయ్యా లొల్లి? ఇంత కొట్లాడుతున్రు, తెలంగాణను కాయితం మీద అతికిచ్చుకుంటరా? నీళ్లు కొడితే పోయేటిది గిదేం తెలంగాణ? సక్కగ రాపిచ్చుకుంటే గిట్లయితుండెనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రమౌళి నవ్వలేదు. నా కాళ్లు వాటంతట అవే షెడ్డులోకి పోయాయి. బోర్డుకు మిగిలిన నల్ల రంగు డబ్బా, మా అబ్బా కుంచె, ఒక బ్లేడు తీసుకొచ్చాను. బండి వెనక తడి నేల మీద కూర్చుని ఏపీని బ్లేడుతో గీకి తీసేశాను. ప్లేటు తుడిచాను. కుంచె ముంచి, మా అబ్బా చెప్పినట్టు ఊపిరి బిగబట్టి, నిలువు గీత పై నుంచి కిందికి ఒకేసారి దించాను. దాని మీద అడ్డగీత. తర్వాత పక్క అక్షరం గుండ్రంగా తిప్పి, కొసను లోపలికి మలిచాను.

తల తిప్పి చూస్తే చంద్రమౌళి నా పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంత పటేలు, బురదలో.

"ఏ ఊరు చెల్లె మీది?"

"మానుకోట అన్నా. మా అబ్బా బోర్డులు రాస్తుండె."

"గిది కడిగితే పోతదా?"

"ఆరినంక మీరే గన్ను పట్టుకొని చూడుండ్రి అన్నా. పోతే నా బోర్డు నేనే పీకుకుంట. కాని జర మెల్లగ పోండ్రి, పచ్చి మీద దుమ్ము పడొద్దు."

ఆయన లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "నడువుండ్రి. మెల్లగ" అన్నాడు. అంతే. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఆ రోజు ర్యాలీ స్టేషన్ ఘన్‌పూర్ దాకా పెళ్లి ఊరేగింపులా నిదానంగా పోయిందట. అందుకే ప్రతి ఊళ్లో జనం బయటికొచ్చి చూశారట. అదేదో చంద్రమౌళి ఎత్తుగడ అని తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. రంగు ఆరడం కోసమని మాకు నలుగురికే తెలుసు.

జనం పోయాక ఆరిఫ్ అడిగాడు, "అంతమంది నడుమ నీ చెయ్యి ఎట్ల వణకలేదే?"

"ఇప్పుడు వణుకుతున్నది" అని చూపించాను. నిజంగానే వణుకుతోంది. అతను ఆ చేతిని పట్టుకుని, రంగు అంటిందని తుడవడం మొదలుపెట్టాడు. రంగు ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

మరునాడు పొద్దున షట్టరు తీసేసరికి పదకొండు మోటరు సైకిళ్లు. "అక్కా, పటేల్ బండికి రాసినట్టు మాకూ రాయి!"

నేను వాళ్ల ప్లేట్లు చూశాను. ఒక్కటి శుభ్రంగా ఉంటే ఒట్టు. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఇన్నేళ్లలో నా మాటల్లో అంత అక్కరకొచ్చిన మాట ఇంకోటి లేదు.

"మురికి మీద తెలంగాణ రాయ. ముందుగాల బండి కడగాలె."

ఆరిఫ్ నా వైపు చూశాడు. అతని మీసం కింద నవ్వు మొదలై చెవుల దాకా పోయింది. గన్ను అందుకున్నాడు.

ఇక చూడండి! కరెంటు ఉన్న గంటలో షరీఫ్ మామ బోరు నీళ్లు హౌజు నిండా నింపుకునేవాళ్లం. కానీ గన్ను కొట్టాలంటే మళ్లీ కరెంటు కావాలి. ఆ కబురు ఎలా చేరిందో, మూడో రోజు తరిగొప్పుల నుంచి ఒక ట్రాక్టరు వచ్చి పాత ఆయిల్ ఇంజన్ ఒకటి మా ముందు దించింది. "పటేల్ పంపిండు. బాయి కాడ ఊకెనే ఉన్నదట" అన్నాడు ట్రాక్టరాయన. ఇంజన్ బెల్టు గన్ను పంపుకు తగిలించాం. డుగుడుగుమని ఊరంతా వినపడేలా మొదలైంది. దానికి వేరే ప్రచారం అక్కర్లేకపోయింది.

ఒకరోజు స్కూటరు మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. బండ్ల కాగితాలు చూసే ఆఫీసులో పని చేస్తాడట. ఆ మాట వినగానే నేను కుంచె వెనక దాచాను. ఆయన చిరాకు పడ్డాడు. "ఎందుకమ్మా దాస్తవ్? డ్యూటీల ఉంటే వద్దంట. ఇప్పుడు సమ్మెల ఉన్న గద, రాయి!" టీజీ రాయించుకుని, అక్షరాల మధ్య ఎడం సరిగ్గా ఉందో లేదో వేళ్లతో కొలిచి మరీ పోయాడు.

ఇంకో డాక్టరు గారు ఉండేవారు. హైదరాబాద్ దవాఖానకు పోవాల్సి వస్తే పోలీసులు ఆపుతున్నారని ఏపీ రాయించుకునేవారు. తిరిగొచ్చిన మరునాడు టీజీ. నేను గ్యాసునూనె గుడ్డతో తుడవడం, మళ్లీ రాయడం. ప్రతిసారీ ముందు కడగడం. "బిడ్డా, తెలంగాణ వచ్చినా రాకున్నా నువ్వైతే బతుకుతవే" అని ఓదెమ్మ అవ్వ నవ్వేది. "రావాలె అవ్వా" అనేదాన్ని. నిజంగానే అనేదాన్ని. అయినా రాత్రి పడుకోబోయే ముందు నా కళ్లు మేకు వైపు పోయేవి. సంచి అక్కడే ఉండేది.

దసరా ముందు రోజు పొద్దున్నే ఆరిఫ్ ఫోన్ మోగింది. సేటు. నేను గుడ్డలు పిండుతూ వింటున్నాను. అటువైపు మాట వినిపించడం లేదు, ఇటువైపు మాటే.

"సలాం సేటు... ఆఁ... సమ్మె అయిపోతదంటున్రా?... పండుగ తెల్లారే ఎక్కాల్నా?... నిజమే, వేరేటోళ్లను పెడితే మళ్లొస్తదా... చూస్త సేటు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంజన్‌లో డీజిల్ పోయడానికి వెళ్లాడు. లారీ అంటే నెల నెలా జీతం. ర్యాంపు అంటే ఈ రోజు ఇలా ఉంది, రేపు సమ్మె అయిపోయి స్టిక్కర్ల ముచ్చట ఆగిపోతే ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఆ సంగతి నేనే అతని కంటే ఎక్కువ ఆలోచించాను.

కానీ కూర్చుని దిగులుపడే తీరిక ఎక్కడిది! ఎనిమిది గంటలకు రోడ్డు చూస్తే కళ్లు తిరిగాయి. కార్లు, జీపులు, ట్రాక్టర్లు, ఆటోలు, ఒక హార్వెస్టరు కూడా. వరస ఓదెమ్మ బండి దాటి, మూల మలుపు దాటి పోయింది. మా అత్తమ్మ బురఖా నడుముకు చుట్టి, చేతిలో కర్ర పట్టుకుని రోడ్డు మీద దిగింది.

"జై తెలంగాణ అన్నోళ్లదే ముందుగాల!" అని ప్రకటించింది.

వరసంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఇగ అందరు అన్నరు గద, ఎక్కడోళ్లు అక్కడ్నే ఉండుండ్రి!" అంది అత్తమ్మ. వరసలో లేచిన నవ్వు ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఇంజన్ మోత, నీళ్ల జల్లు, బంతిపూల దండల వాసన, మిర్చీల వాసన. ఆరిఫ్ గన్ను పడుతున్నాడు, నేను తుడుస్తున్నాను, మధ్యలో ప్లేట్లు రాస్తున్నాను. ఒళ్లంతా తడి, ఎండ మాత్రం నెత్తి మాడుస్తోంది. మధ్యాహ్నానికి గుడ్డలన్నీ నానిపోయి తుడిస్తే తడి ఇంకా అంటుకోవడం మొదలైంది. ఉన్న లుంగీలు అయిపోయాయి, నా చున్నీలు అయిపోయాయి, అత్తమ్మ పాత చీరలు అయిపోయాయి. ర్యాంపు మీద ఒక కొత్త తెల్ల కారు. దాని మూత మీద చుక్కలు ఎండుతున్నాయి.

"గుడ్డ! పొడి గుడ్డ!" అని అరిచాను.

ఆరిఫ్ గన్ను కింద పెట్టి ఇంటి వైపు పరిగెత్తాడు. ఇల్లు నాలుగడుగులే. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో నల్ల సంచి ఉంది. ర్యాంపు గోడ మీద పెట్టి జిప్పు లాగాడు. లోపలి నుంచి ఖాకీ చొక్కాలు రెండు తీశాడు. లారీ మీద వేసుకునేవి. నేనే ఇస్త్రీ చేసి మడత పెట్టినవి. ఒకటి నా మీదికి విసిరాడు.

చొక్కా నా చేతుల్లో పడింది. పొడిగా, వెచ్చగా ఉంది. అతను నా వైపు చూడకుండా రెండోది దులుపుతున్నాడు.

నాకు అరవాలనిపించింది. అంత జనంలో అతన్ని పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది. తెల్ల కారు మీద చుక్కలు ఎండుతున్నాయి.

"గుండీలు కోసెయ్యి, బండికి గీతలు పడతయ్" అన్నాను.

"అవును గద" అన్నాడు.

ఇద్దరం గోడకు ఆనుకుని పళ్లతో దారాలు కొరికి గుండీలు తెంపాం. అవి గుప్పిట్లో పట్టుకుని, మిగిలిన చేత్తో కారు తుడిచాను. ఒక్క మచ్చ రాలేదు. మంచి నూలు చొక్కాలు అవి, నీళ్లు ఎంత బాగా పీల్చాయో! పొద్దు వాలే దాకా ఆ రెండు చొక్కాలే మమ్మల్ని గట్టెక్కించాయి.

దసరా సాయంత్రం ఓదెమ్మ అవ్వ వచ్చి మా అత్తమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీస్కో చెల్లె" అంది. అత్తమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా, "మీ మామ ఉంటే మంచిగుంటుండె" అంది. పదేళ్లుగా నవ్వులపాలైన ఆ బోరు వైపు చూస్తూ అంది.

జరీనా ఖాళీ సంచి తలకు తగిలించుకుని ఆడుతోంది. ఆరిఫ్ దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే అడిగింది. "అబ్బా, మళ్ల ఎప్పుడు పోతవ్?"

ఆరిఫ్ రోడ్డు వైపు చూపించాడు. పండుగ పూట కూడా రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. "ఈ బండ్లన్నీ అయిపోనీ బేటీ" అన్నాడు.

సమ్మె ఇంకో పద్దెనిమిది రోజులు నడిచింది. రాష్ట్రం ఇంకో మూడేళ్లకు వచ్చింది. తీరా వచ్చాక ప్లేటు మీద టీఎస్ అన్నారు. నా కుంచె నొచ్చుకుంది. మొన్నమొన్ననే టీజీ వచ్చింది. ఆ అక్షరాలతో కొత్త బండి ఒకటి మొదటిసారి మా ర్యాంపు ఎక్కిన రోజు ఆరిఫ్ నన్ను కేకేసి పిలిచి, గన్ను నా చేతికిచ్చాడు. జానెడు దూరం నుంచి పూర్తిగా నొక్కాను. ఒక్క మూల కూడా లేవలేదు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. బండి ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

చంద్రమౌళి పటేల్ ఇప్పటికీ దసరాకు తన బండి మా దగ్గరికే పంపుతాడు. ఆయన ఇంజన్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. నల్ల సంచిలో ఇప్పుడు తుడిచే గుడ్డలు ఉంటాయి, ర్యాంపు గోడ మేకుకు వేలాడుతూ.

లాభముంటదా అని అడిగి, ఛాయ్ తాగాక కూడా లేవకుండా చివరి దాకా విన్నవాళ్లకు మాత్రం నేను షెడ్డులోంచి ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీస్తాను. అంకె కావాలన్నారు కదా, లెక్కపెట్టుకోండి అంటాను.

పద్నాలుగు గుండీలు.